పశువుల సేవకు చదువు: ఏది, ఎక్కడ, ఎంతవరకు



శివరాత్రి వచ్చిందంటే ఆవనిలో దనాల పరస కూడుతుందని మన సరిహద్దు పల్లెల్లో తెలియనివారు ఉండరు. రామలింగేశ్వరుని గుళ్ళకు అవతల, సీతమ్మ కొండ కనిపించే బయలులో, హళ్ళికార్ ఎద్దుల జతలు వరుసలు కట్టి నిలబడతాయి. ముళబాగిలు, కోలారు, శ్రీనివాసపురం పల్లెల రైతులే గాక పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు వాళ్ళూ వస్తారు. ధర అడిగేది కన్నడంలో, బేరమాడేది తెలుగులో. అసలు బేరం తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని తేల్చుకుంటారు, దానికి ఏ భాషా అక్కరలేదు. ఆవని అంటే వాల్మీకి ఆశ్రమం ఉన్నచోటని, లవకుశులు పుట్టింది ఇక్కడేనని, అశ్వమేధ గుర్రాన్ని వాళ్ళు కట్టేసింది కూడా ఇక్కడేనని మనవాళ్ళు చెప్పుకుంటారు. బెదిరిన గుర్రాన్ని పట్టి కట్టడం కూడా ఒక విద్యే. దాన్ని గురించి పెద్దలు అంతగా చెప్పరు గాని, నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా ముందు ఆ పగ్గమే గుర్తుకు వస్తుంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ పల్లెల్లో పశువైద్య సహాయకుడుగా పనిచేసి విరమించినవాణ్ణి. ఒక ఏడు పరసలో ఒక రైతు నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు. వెంట ఆయన కూతురు ఉంది, పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల. ఆయన చేతిలో ఒక రంగుల కాగితం ఉంది. ఏదో పట్నంలో ఆరు నెలల శిక్షణ, 'పశువైద్య నర్సింగ్' అని పెద్ద అక్షరాలు, కింద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒళ్ళో కుక్కపిల్ల. ఫీజు అంకె చూస్తే ఒక మంచి పాడి ఆవు ధర ఉంది. 'అన్నా, మా పాపకు దనాలంటే ప్రాణం. ఇది చదివితే దనాల డాక్టరు అవుతుందంటన్నారు, నిజమేనా?' అని అడిగాడు. పాప మాత్రం ఏమీ అనకుండా నా ముఖమే చూస్తూ నిలబడింది.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. కోలారు జిల్లాలో పాడి మీద బతికే ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. తెల్లారకముందే డైరీ దగ్గర క్యాన్లతో నిలబడి, ఆ తర్వాత బడికి పోయే పిల్లలు ఊరూరా ఉన్నారు. వాళ్ళలో కొందరికి ఆ పనే చదువుగా చదవాలని ఉంటుంది. కనుక ఆయనకు చెప్పిన జవాబే ఇవాళ మీకు కొంచెం విడమర్చి చెబుతాను.

మొదటి మాట. డాక్టరు కాదు. ఆరు నెలల కోర్సుతోనూ కాదు, రెండేళ్ళ డిప్లొమాతోనూ కాదు. పశువుల డాక్టరు కావాలంటే బి.వి.ఎస్సి. అండ్ ఎ.హెచ్. అనే డిగ్రీ చదవాలి. ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణతో కలిపి అది ఐదున్నర సంవత్సరాలు. పి.యు.సి.లో, ఆంధ్రలో ఇంటర్మీడియట్‌లో, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు తీసుకొని ఉండాలి, ప్రవేశ పరీక్షలో మార్కులు రావాలి. కర్ణాటకలో సి.ఇ.టి. ద్వారా సీట్లు ఇస్తారు. దేశమంతటి అభ్యర్థులకు కేటాయించిన నూటికి పదిహేను సీట్లను నీట్ మార్కుల మీద నింపుతారు. మనకు దగ్గర కళాశాలలు రెండు. బెంగుళూరు హెబ్బాళలో ఉన్నది 1958లో మొదలైంది, తిరుపతిలో ఉన్నది 1955లో. బాగా చదివే పిల్ల ఉంటే ఆ దారి వదలకండి. ఆడపిల్ల ఎద్దును ఏం పడుతుంది అనేవాళ్ళ మాట వినకండి. ఎద్దును మగవాడు కూడా బలంతో పట్టలేడు, ఉపాయంతోనే పడతాడు.

అందరికీ ఆ దారి కుదరదు. అప్పుడు రెండో మెట్టు గురించి అడుగుతారు. దానికి ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. కాగితంలో అన్నిటికన్నా చిన్న అక్షరాలలో ఉండేదీ, చాలాసార్లు అసలు ఉండనిదీ అదే.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టంలో 30వ సెక్షను ఉంది. పట్టికలో పేరు నమోదైన డాక్టరు తప్ప మరొకరు పశువైద్యం చేయరాదని అది చెబుతుంది. అయితే ఆ సెక్షనులోనే ఒక మినహాయింపు పెట్టారు. పశుసంవర్ధక శాఖ గాని, పశువైద్య సంస్థ గాని ఇచ్చిన డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంటు వంటివారికి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తరువు ఇచ్చి, నమోదైన డాక్టరు పర్యవేక్షణలో 'చిన్న పశువైద్య సేవలు' చేయడానికి అనుమతించవచ్చు. చిన్న సేవలు అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది: టీకాలు వేయడం, కోడెలకు విత్తు కొట్టడం, గాయాలకు కట్లు కట్టడం వంటి ప్రాథమిక చికిత్స. వీటికి తోడు రాష్ట్రం ప్రకటించే మరికొన్ని చిన్న పనులు.

ఇందులో మూడు సంగతులు గమనించండి. ఒకటి, సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారన్నది ముఖ్యం. పశుసంవర్ధక శాఖో, పశువైద్య సంస్థో ఇవ్వాలి. రెండు, సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన చాలదు, రాష్ట్రం ఉత్తరువు ఉండాలి. మూడు, ఉత్తరువు ఉన్నా డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. ఈ మూడూ చూసుకుంటే, ఆ రంగుల కాగితం పట్టుకొని ఊళ్ళో బోర్డు కట్టి సూదులు వేయడం కుదరని పని అని మీకే తెలిసిపోతుంది. మనుషుల ఆసుపత్రిలో నర్సులకు ఉన్నట్టుగా, పశువైద్య నర్సులకు దేశమంతటికీ ఒకటిగా నమోదు పట్టిక లేదు. ఆ పేరు మీద ఎవరు కోర్సు అమ్మినా, 'ఇది ఏ పని చేయడానికి నాకు హక్కు ఇస్తుంది?' అని ముందు అడగండి.

ఇక గట్టి దారి చెబుతాను. అది రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా. పదో తరగతి ప్యాసైతే చేరవచ్చు. కర్ణాటకలో ఇది బీదరులోని పశువైద్య, పశు, మత్స్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. తుమకూరు జిల్లా తిపటూరు దగ్గర కోనేహళ్ళిలో ఉన్న పాలిటెక్నిక్ అటువంటిదే. ఆంధ్రలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. అందులో మనకు అతి దగ్గరది పలమనేరు. ముళబాగిలు దాటి నంగలి మీదుగా బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పలమనేరులోనే పశు పరిశోధనా స్థానం ఉంది. నడుమెత్తు కూడా రాని పుంగనూరు ఆవులను అక్కడ కాపాడుతున్నారు. సీటు సంగతి ఎలా ఉన్నా, ఆ ఆవులను ఒకసారి చూసి రండి.

సీటు విషయంలో మాత్రం సరిహద్దు పిల్లలకు ఒక చిక్కు ఉంది. మన ఇంట్లో తెలుగు మాట్లాడినా, పలమనేరు మనకు తిపటూరు కన్నా దగ్గరైనా, సీట్లు ఇచ్చేటప్పుడు చూసేది భాష కాదు, దూరమూ కాదు. ఏ రాష్ట్రంలో ఎన్నేళ్ళు చదివారన్న స్థానికత చూస్తారు. కోలారు జిల్లాలో చదివిన పిల్లలు ముందు కర్ణాటక పాలిటెక్నిక్‌లకు దరఖాస్తు పెట్టడం తెలివైన పని. కుప్పం, పలమనేరు వైపు బడుల్లో చదివినవాళ్ళు ఆంధ్ర వైపు పెట్టండి. పదో తరగతి ఫలితాలు రాగానే ప్రకటన కోసం చూడాలి. చదువుకున్న ప్రతి తరగతికీ బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చి పెట్టుకోండి. ఆఖరు రోజు హెడ్‌మాస్టరు సెలవులో ఉండడం మన పిల్లల అదృష్టంలో రాసిపెట్టినట్టు ఉంటుంది.

ఈ డిప్లొమా చదివినవాళ్ళకు పని ఎక్కడ దొరుకుతుంది? కర్ణాటకలో పశువైద్య పరీక్షకులు అని కన్నడంలో పిలిచే ఉద్యోగాలు ఉన్నాయి. ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ఈ రెండేళ్ళ డిప్లొమా అర్హతగా చూపారు. ఇప్పుడు 1962 నంబరుకు ఫోను చేస్తే ఊరికి వచ్చే పశువుల అంబులెన్సు ఉంది కదా, అందులో డాక్టరు, డ్రైవరుతో పాటు ఒక పశువైద్య సహాయకుడు కూడా ఉంటాడు. పాల సంఘాలు, మేత కంపెనీలు, కోళ్ళ ఫారాలు ఉండనే ఉన్నాయి. సర్కారు ఉద్యోగం తప్పక వస్తుందని మాత్రం నేను చెప్పను. ప్రకటన ఎప్పుడు పడుతుందో, ఎన్ని పోస్టులు పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. చెప్పగలిగింది ఒక్కటే. ప్రకటన పడిన రోజున అర్హత గడిలో ఏ కోర్సు పేరు ఉంటుందో, ఆ కోర్సు చదివినవాడికే దరఖాస్తు ఫారం పనికొస్తుంది. పాత ప్రకటన ఒకటి సంపాదించి, ఆ గడిని మీ కళ్ళతో చదివి, ఆ తర్వాత ఫీజు కట్టండి.

ఇంతవరకు కాగితాల సంగతి. ఇప్పుడు కొట్టంలోకి పోదాం. ఈ చదువు ఎందుకు కావాలో అక్కడే తెలుస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జరిగింది చెబుతాను. తప్పు నాది, ఇన్నేళ్ళయినా మరచిపోలేదు. ఒక ఊళ్ళో మూడో ఈత ఈనిన ఆవు, మంచి పాలది. ఈనిన మరుసటి రాత్రి లేవలేక కూలబడింది. మెడ పక్కకు తిప్పి డొక్క మీద పెట్టుకొని మత్తుగా ఉంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. డాక్టరు గారు పొరుగు ఊళ్ళో ఉన్నారు, కబురు పోయింది. ఆ ఇంటి అవ్వ, 'నాయనా, ఈని అలసిపోయింది, రాగి గంజి కాచినాను, కొంచెం తాపు' అంది. నాకూ ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని ఉంది. వెదురు గొట్టంతో గంజి పోశాను. తెల్లవారి డాక్టరు గారు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించారు. గంటలో ఆవు లేచి నిలబడింది. ఇంటిల్లిపాదీ దండం పెట్టారు. మూడో రోజుకు ఆవు ఎగరొప్పడం మొదలుపెట్టింది, ముక్కులోంచి చెడు వాసన. నేను పోసిన గంజి పొట్టలోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. వారం తిరగకుండా ఆవు చచ్చిపోయింది. ఆ అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

దాని పేరు పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గాని ఒంట్లో జ్వరం ఉండదు, ఒళ్ళు చల్లబడుతుంది. ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయి, నెత్తురులో తగ్గిపోతుంది. కాల్షియం తగ్గితే కండరాలు పనిచేయవు. కాళ్ళు లేవవు, పొట్ట కదలదు, గొంతు మింగదు. ఆ మింగలేని గొంతులో మనం గంజి, నూనె, కషాయం పోస్తాం. ఎక్కువ పాలిచ్చే ఆవులకు, మూడో ఈత దాటినవాటికి, ఈనిన రెండు మూడు రోజుల్లో ఇది వస్తుంది.

అప్పుడు సహాయకుడు చేయవలసిన పని ఏమిటి? సూది కాదు. ఆవు పక్కకు పడిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టాలి. రెండు పక్కలా గడ్డి కుక్కిన గోతాలు ఆనించాలి. పక్కకు పడుకుంటే పొట్ట ఉబ్బి ఊపిరాడదు. కింద గట్టి నేల ఉంటే మట్టి గాని, వరిగడ్డి గాని పరవాలి. రెండు మూడు గంటలకొకసారి బరువు పడే పక్క మార్చాలి, లేకపోతే కింద ఉన్న కాలి కండరాలు నలిగి, కాల్షియం ఎక్కిన తర్వాత కూడా లేవలేదు. నోట్లో ఏమీ పోయకూడదు, ఎవరినీ పోయనివ్వకూడదు. ఎప్పుడు ఈనింది, ఎన్నో ఈత, ఎప్పుడు కూలబడింది, పేడ వేసిందా, మాయ పడిందా, ఇవన్నీ రాసి ఉంచాలి. డాక్టరు కాల్షియం ఎక్కిస్తున్నప్పుడు సీసా ఎత్తు తగ్గించి పట్టుకోవాలి. ఆ మందు నరంలోకి వేగంగా పోతే గుండె ఆగిపోతుంది. పది, పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా మెల్లగా పోవాలి. డాక్టరు గుండె చప్పుడు వింటూ ఉంటారు, 'ఆపు' అనగానే ట్యూబు నొక్కాలి. నర్సింగ్ అంటే ఇదే. ఆ రంగుల కాగితంలో ఉన్న అమ్మాయికి ఇది ఎవరైనా నేర్పారో లేదో నాకు తెలియదు.

కనుక ఏ శిక్షణ సంస్థకు పోయినా గది ఎంత బాగుందో చూడకండి, వెనక కొట్టం ఉందా అని చూడండి. ఎన్ని పశువులు ఉన్నాయి, రోజూ వైద్యానికి ఎన్ని వస్తాయి, విద్యార్థి చేతికి థర్మామీటరు ఇస్తారా లేక గోడ మీద బొమ్మ చూపిస్తారా అని అడగండి. మంచి ఆవు ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీటు దగ్గర ఉంటుంది. మనిషి లెక్కన చూసి జ్వరమని కంగారు పడేవాళ్ళు ఉన్నారు. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి పెడితే నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట తిరగడం చేతికి తగలాలి. నెమరు ఉందా, ముట్టె తడిగా ఉందా, పేడ ఎలా ఉంది, ఇవి పుస్తకం లేకుండా మీ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఇంట్లో ఉన్న ఆవుకు నెల రోజులు పొద్దునా సాయంత్రం ఈ లెక్కలు రాసి చూడండి. బాగున్న ఆవు ఎలా ఉంటుందో చేతికి తెలియనివాడికి, జబ్బు ఆవు కంటికి కనబడదు.

మన సరిహద్దు పిల్లలకు ఇంకొక చదువు కూడా కావాలి. ఏ పాలిటెక్నిక్‌లోనూ దానికి మార్కులు లేవు. జబ్బుల పేర్లు. రైతు గాలికుంటు అంటాడు, శాఖవారి కాగితంలో కాలుబాయి జ్వర అని ఉంటుంది. రెండూ ఒకటే. మనం జబ్బవాపు అనేది కన్నడంలో చప్పె రోగ. గొంతువాపు వాళ్ళకు గంటలు బేనె. దొమ్మ అంటే నెరడి. పొదుగువాపు అంటే కెచ్చలు బావు. 2022లో మన పల్లెలను గడగడలాడించిన ముద్దచర్మ వ్యాధి అక్కడ చర్మగంటు రోగ. ఆ ఏడు జబ్బు పాకుతుందని కర్ణాటకలో దనాల సంతలు, జాతరలు ఆపివేశారు. టీకాకు రమ్మని కన్నడంలో దండోరా వేస్తే, 'అది మా ఆవులకు వచ్చే జబ్బు కాదులే' అని ఇంట్లో కూర్చున్న తెలుగు రైతులను నేను ఎరుగుదును. రెండు భాషల పేర్లూ తెలిసిన పిల్ల ఆ ఊళ్ళో ఉంటే ఎన్ని దూడలు దక్కేవో! మీకు ఆ రెండు భాషలూ పుట్టుకతో వచ్చాయి. దాన్ని తక్కువగా చూడకండి. ఇంగ్లీషు పేరు మూడోది, దాన్ని పాలిటెక్నిక్‌లో ఎలాగూ నేర్పుతారు.

మూడో మెట్టు, చిన్న శిక్షణలు. అన్నీ మోసం కావు. ఎదకు వచ్చిన ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయడానికి, మనవాళ్ళ మాటలో సూది వేయడానికి, పల్లె యువకులకు తర్ఫీదు ఇస్తారు. ఆంధ్రలో గోపాలమిత్రలు అంటారు. కేంద్రం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద మైత్రి అని పేరు. మైత్రి శిక్షణ మూడు నెలలు. అందులో ఒక నెల గదిలో, రెండు నెలలు పశువుల దగ్గర. ఆ పాలు చూడండి, ఒకటికి రెండు. ఏ మంచి శిక్షణ అయినా ఇలా ఉండాలి.

ఈ విద్యకు మన ప్రాంతంతో పాత చుట్టరికం ఉంది. మన దేశంలో మొదటిసారి కృత్రిమ గర్భధారణ జరిగింది 1939లో, మైసూరు ప్యాలెస్ డైరీ ఫారంలో. సంపత్ కుమారన్ అనే శాస్త్రజ్ఞుడు హోల్‌స్టీన్ ఫ్రీజియన్ ఆబోతు వీర్యాన్ని హళ్ళికార్ ఆవులకు ఎక్కించి 33 ఆవులను చూడి కట్టించారు. ఆవని పరసలో మీరు చూసే ఆ హళ్ళికార్ జాతే. ఇవాళ కోలారు కొట్టాల్లో నలుపు తెలుపు మచ్చల ఆవులు నిండి ఉన్నాయంటే ఆ దారి అక్కడ మొదలైంది.

పని చూడడానికి సులువు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు పొద్దున సూది వేయాలి. వీర్యపు స్ట్రాలు ద్రవ నత్రజనిలో సున్నాకు 196 డిగ్రీలు కింద ఉంటాయి. బయటికి తీసిన స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచాలి. నీళ్ళ వేడి చేత్తో చూసి అందాజుగా చెప్పేవాడికీ, థర్మామీటరు పెట్టి చూసేవాడికీ తేడా మూడు వారాల తర్వాత తెలుస్తుంది, ఆవు మళ్ళీ ఎదకు వచ్చి అరిచినప్పుడు. అప్పుడు నష్టపోయేది రైతు. ఒక ఎద తప్పితే ఇరవై ఒక్క రోజుల మేత దండుగ.

స్వయంసహాయక సంఘాల్లో ఉన్న అమ్మలకు పశుసఖులుగా తర్ఫీదు ఇస్తున్నారు. 2022లో కేంద్రం ఎ-హెల్ప్ అనే పేరుతో ఒక పథకం కూడా పెట్టింది. ఇది వైద్యం కాదు, ఊరికీ పశువైద్యశాలకూ మధ్య నిలబడే పని. చెవి పోగులు, టీకాల రోజులు, మేత సలహాలు. పేడ ఎత్తేది, పాలు పితికేది, ఈతకు రాత్రి మేలుకునేది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళే కదా. శిక్షణకు మాత్రం మగవాళ్ళను పంపడం ఇన్నాళ్ళూ జరిగిన వింత.

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన సంగతి. ఈ పనిలో పిల్లల ఒంటికి అపాయం ఉంది. నెలలు నిండక ఈసుకుపోయిన ఆవు మాయను ఒట్టి చేతులతో లాగినవాళ్ళకు బ్రూసెల్లా అనే జబ్బు అంటుకుంటుంది. వస్తూ పోతూ ఉండే జ్వరం, కీళ్ళ నొప్పులు, మగవాళ్ళకు బీజాల వాపు. మలేరియా అని, టైఫాయిడ్ అని నెలల తరబడి మందులు మింగినవాళ్ళు ఉన్నారు. దీని టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసు పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేస్తారు. ఆ టీకాలో ఉండేది బతికి ఉన్న క్రిమి. వేసేవాడి వేలికి సూది గుచ్చుకుంటే అతనికే జబ్బు రావచ్చు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ఆ పని నేర్పే గురువు దగ్గర పిల్లలను ఉంచకండి.

దొమ్మ ఇంకా చెడ్డది. నిన్న మేసిన ఎద్దు తెల్లారేసరికి చచ్చి, ముక్కు, వెనక వైపుల నుంచి గడ్డకట్టని నల్ల నెత్తురు కారుతూ ఉంటే, చర్మం ఒలవకూడదు, కడుపు కోయకూడదు. కోస్తే ఆ క్రిమి గింజలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు ఉంటుంది. డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన చోట లోతుగా సున్నం వేసి పూడ్పించాలి. కుక్కలతో పనిచేసేవాళ్ళు కరిచిన తర్వాత కాదు, కరవకముందే రేబిస్ టీకాలు వేయించుకోవాలి.

కుక్కల మాట వచ్చింది గనుక బెంగుళూరు సంగతి. 2001లో గనులు మూతపడ్డాక కె.జి.ఎఫ్. నుంచి పొద్దున రైలెక్కి బెంగుళూరులో పని చేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ పెంపుడు జంతువుల ఆసుపత్రులు పెరిగాయి, సహాయకులు కావాలి. పంజరాలు కడగడం, ఆపరేషను బల్ల దగ్గర నిలబడడం, మత్తు దిగేదాకా కుక్క పక్కన కూర్చొని ఊపిరి లెక్కపెట్టడం, ఇవన్నీ మంచి పనులే. అక్కడ డిప్లొమా కన్నా చేతి పనితనాన్ని చూసి తీసుకునేవాళ్ళూ ఉన్నారు. చేరేముందు జీతం, పని గంటలు, టీకాల ఖర్చు ఎవరిదన్నది కాగితం మీద రాయించుకోండి.

ఈ పనికి గౌరవం రావడం ఇతర దేశాల్లో కూడా తేలికగా జరగలేదు. ఇంగ్లండులో 1961లో పశువైద్యుల రాయల్ కాలేజీ వీళ్ళకు పరీక్షలు పెట్టి పట్టిక మొదలుపెట్టినప్పుడు, 'నర్సు' అన్న పేరు మనుషుల నర్సులదేనని చట్టం అడ్డం వచ్చింది. అందుకని 'జంతువుల నర్సింగ్ సహాయకులు' అనే పొడుగాటి పేరు పెట్టుకున్నారు. పశువైద్య నర్సు అని పిలిపించుకోవడానికి 1984 దాకా ఆగవలసి వచ్చింది. పేరు రాకముందు ఇరవైమూడేళ్ళు పని మాత్రం జరిగింది.

ఆవనిలో ఆ తండ్రికి ఇదంతా చెప్పలేదు, అంత సమయం లేదు. ఎండ పెరుగుతోంది, ఆయన ఎద్దులకు నీళ్ళు పట్టాలి. ఆ రంగుల కాగితం వెనక్కి తిప్పి, పాప చేత నాలుగు ప్రశ్నలు రాయించాను. ఈ కోర్సు ఏ విశ్వవిద్యాలయం లేక ఏ శాఖ కింద ఉంది? ఏ సర్కారు ప్రకటనలో దీన్ని అర్హతగా చూపారు? పశువుల దగ్గర ఎన్ని రోజులు? సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? ఆ నంబరుకు ఫోను చేసి ఈ నాలుగూ అడగమన్నాను. పాప అక్కడే, ఎద్దుల మధ్య నిలబడి ఫోను చేసింది. రెండో ప్రశ్న దగ్గర అవతలివారు, 'మీ నాన్నకు ఇవ్వమ్మా' అన్నారు. పాప ఇవ్వలేదు, మూడో ప్రశ్న అడిగింది. ఫోను పెట్టేశారు.

ఆయన కాగితాన్ని మడిచి రొంటిన దోపుకొని, 'తిపటూరికి ముళబాగిలు నుంచి బస్సు ఎక్కడ మారాలన్నా?' అని అడిగాడు. బెంగుళూరులో మారాలని చెప్పాను.